గేరుబాక్సుకు తీసిన శోకం

యాన్ సుచ్యోంగ్ శోకం ఎత్తుకుందంటే, పోయినవాడితో జన్మంతా మాటల్లేని తోడల్లుడు కూడా ముక్కు చీదాల్సిందేనని మా జీజోంగ్ వైపు చెప్పుకుంటారు. ఇందులో గొప్పలు పోవడం ఏమీ లేదు. తువో నది రెండు ఒడ్డుల పల్లెల్లో ఎవరింట్లో మనిషి పోయినా శవపేటిక కోసం ఒకడు, ఆవిడ కోసం ఒకడు బయల్దేరతారు. ఆవిడ వచ్చి, తలకి తెల్లగుడ్డ చుట్టుకునేలోపే ఇంటివాళ్ళని ఓ పక్కకి పిలిచి అడగాల్సినవి అడిగేస్తుంది. ముసలాయన ఏం తినేవాడు, ఎవర్ని తిట్టేవాడు, ఎవరి మీద ప్రాణాలు పెట్టుకున్నాడు, ఏ మాట నోట్లోనే దాచుకుని పోయాడు. టీ చల్లారేలోపు మనిషి మొత్తం ఆవిడ గొంతులోకి వచ్చేస్తాడు. ఆ తర్వాత మైకు పట్టుకుని, వాకిట్లో మోకాళ్ళ మీద కూలబడి, పేటిక దాకా పాక్కుంటూ పోతూ పిలిచే పిలుపుకి, మేతకొచ్చిన కోళ్ళు కూడా గింజలు వదిలేసి నిలబడతాయి.

పని అయిపోగానే లేచి, మోకాళ్ళు దులుపుకుని, మిరపనూనె ఓడుతున్న కుందేలు మాంసం నూడుల్స్ రెండు గిన్నెలు లాగించేస్తుంది. ఏడుపు ఆవిడకి వృత్తి, నవ్వు స్వభావం. మాజాంగ్ ఆటలో ఓడిపోతే బల్ల ఎత్తేసేంత కోపం, గెలిస్తే వీధి చివరికి వినిపించే నవ్వు. మైకు లేనప్పుడు ఆవిడ కళ్ళల్లో నీళ్ళు చూసినవాళ్ళు లేరు.

నదికి దిగువన చక్కెర మిల్లు నడిచిన రోజుల్లో ఆవిడ అక్కడ సంచుల మూతులు కుట్టేది. మిల్లు పాటల బృందంలో ముందు వరసలో నిలబడేది. మిల్లు మూతపడ్డాక అందరితోపాటు ఇంటికి చేరింది. ఊరగాయ అమ్మింది, జనం బట్టలు కుట్టింది, టీ అంగట్లో కప్పులు కడిగింది. ఏ పనిలోనూ మనసు నిలవలేదు, ఎందుకంటే గొంతుకి పని లేదు. ఓ రోజు పక్కింటి ముసలమ్మ పోయింది. ఇద్దరు కోడళ్ళూ పేటిక పక్కన కూర్చుని పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతున్నారు. ఒక్క కన్నూ తడవలేదు. చూసి చూసి సుచ్యోంగ్‌కి ఒళ్ళు మండిపోయింది. చలికాలం పొద్దున్నే తనకింత వేడి గంజి పోసిన ముసల్ది ఇలా మూగగా వెళ్ళిపోవడమేమిటని, వాకిట్లో కూలబడి రాగం ఎత్తుకుంది. కోడళ్ళ చేతుల్లోంచి గింజలు జారిపోయాయి. ఆ చావుకి డోలు కొట్టడానికి వచ్చిన పాంగ్ ముసలాయన చేతులు ఆపి చూశాడు.

"అమ్మాయ్, ఇంత గొంతు పెట్టుకుని ఊరగాయలమ్ముకుంటన్నావా? మూసెయ్ ఆ జాడీలు. నా ఎనకమాల రా," అన్నాడు.

అలా మేళం పుట్టింది. డోలు పాంగ్ బాబాయిది. చావింటి ఆచారాలన్నీ ఆయనకి కంఠస్థం. పోయినవాళ్ళతో పాటు కాల్చడానికి కాగితంతో ఇళ్ళూ గుర్రాలూ చేసేదీ ఆయనే. సన్నాయి సుచ్యోంగ్ మొగుడు గౌ దెఫుది. మిల్లు బాయిలరు దగ్గర పనిచేసినవాడు, ఊపిరికి కొదవ లేదు. మావైపు పెళ్ళాం మాట జవదాటనివాణ్ణి మెత్తచెవులవాడు అంటారు. జీజోంగ్ మొత్తంలో తన చెవులే మెత్తనివని దెఫు పొంగిపోతూ చెప్పుకుంటాడు.

చాలా ఏళ్ళు సామానంతా మూడు చక్రాల రిక్షా మీద లాగారు. వానొస్తే డోలు తడిసి మూగబోయేది. చివరికి ముగ్గురూ కలిసి ఓ కొత్త వ్యాను కొన్నారు. వెండి రంగుది, పొట్టిగా గుండ్రంగా ఉండేది, వెనక సీట్లు మడిస్తే మేళం మేళమంతా పట్టేది. తాళం ఇచ్చేటప్పుడు షోరూం మేనేజర్ లాన్ ఆవిడ చేతులు రెండూ పట్టుకుని ఊపాడు.

"మూడేళ్ళు మీరు స్టీరింగు తప్ప ఇంకోటి ముట్టుకోనక్కర్లేదు అక్కగారూ. మిగతాదంతా మా బాధ్యత," అన్నాడు.

రెండో వేసవి రాకుండానే గేరుబాక్సు మొరాయించింది. రెండు నుంచి మూడుకి మార్చబోతే తిరగలిలో రాయి పడ్డ చప్పుడు. ఎత్తు ఎక్కుతుంటే గేరు దానంతట అదే ఊడి వచ్చేది. ఓ పొద్దున కొండ మీది ఊళ్ళో చావుకి పోతూ కనుమ మధ్యలో బండి నిలిచిపోయింది. పైన సిద్ధాంతి పెట్టిన ముహూర్తానికి పేటిక లేపాలి. శోకం లేకుండా లేపకూడదని ఇంటివాళ్ళు, ముహూర్తం దాటకూడదని సిద్ధాంతి. చేసేదేం లేక సుచ్యోంగ్ రోడ్డు పక్కన నిలబడి ఫోన్‌లో ఏడ్చింది. అవతల పెద్దకొడుకు ఫోన్ స్పీకరు పెట్టి పేటిక మీద ఉంచాడు. మంచి రసపట్టులో సిగ్నల్ పోయింది. తండ్రి సగం శోకంతోనే మట్టిలోకి పోయాడని ఆ ఇంటివాళ్ళు ఊరూరా చెప్పారు. వారం తిరక్కుండా పక్క ఊరి మేళంవాడు పాంగ్ బాబాయికి ఫోన్ చేసి, మా దగ్గర బండి బాగానే నడుస్తుంది, వస్తావా అని అడిగాడు. బాబాయి వెళ్ళనన్నాడు. కానీ ఆ ఫోన్ సంగతి దాచకుండా వచ్చి చెప్పాడు, చెప్తూ డోలు వంక చూశాడు. ఇంకొక్క చావింట్లో ఇలా జరిగితే ముసలాయన ఉండడని, ఆయన లేకపోతే మేళం లేదని, మేళం లేకపోతే తను మళ్ళీ ఊరగాయ జాడీల దగ్గరికేనని సుచ్యోంగ్‌కి ఆ చూపులోనే అర్థమైంది.

బండిని తాడు కట్టి నైజియాంగ్‌లోని షోరూంకి లాక్కెళ్ళారు. మేనేజర్ లాన్ దాని చుట్టూ ఓ ప్రదక్షిణ చేసి పెదవి విరిచాడు.

"అక్కగారూ, ఇది లోతు నీళ్ళలో దిగిన బండి. గేరుబాక్సులోకి నీరు చేరింది. అది వాడకంలో తప్పు. వారంటీ కిందికి రాదు."

"నా బండి చూసిన నీళ్ళు నా కన్నీళ్ళేనయ్యా. అవి గేరుబాక్సు దాకా దిగవులే."

"మా మేస్త్రీ చూసి చెప్పాడండీ."

"పిలువు ఆయన్ని. నా మొహం చూసి చెప్పమను."

"భోజనానికెళ్ళాడు."

రెండోసారి వెళ్తే మేస్త్రీ మళ్ళీ భోజనానికి వెళ్ళాడు. మూడోసారీ అంతే. ఈ దేశంలో ఇంత ఆకలిగల మేస్త్రీ ఇంకొకడు ఉంటాడా అని సుచ్యోంగ్ అక్కడున్న ఆడపిల్లని అడిగింది. ఆ పిల్ల నవ్వాపుకోలేక కంప్యూటరు వెనక దాక్కుంది. అప్పుడు లాన్ గొంతు తగ్గించి, కుర్చీ దగ్గరికి జరుపుకున్నాడు.

"ఓ పని చేద్దాం అక్కగారూ. నీళ్ళలో దింపింది నిజమేనని ఒక్క సంతకం పెట్టండి. పై కంపెనీవాళ్ళ కాళ్ళావేళ్ళా పడి ఏదో సాయం చేయిస్తా. లేకపోతే వాళ్ళు ఇదంతా నా నెత్తిన రుద్దుతారు."

సుచ్యోంగ్ తన కుర్చీ వెనక్కి జరుపుకుంది.

"చూడు మేనేజర్ బాబూ. నేను కూలికి ఏడ్చేదాన్ని. బండరాయిలాంటి మనిషిని వెన్నముద్ద అని పాడాను. పెళ్ళాన్ని జన్మలో పలకరించనివాణ్ణి ప్రేమమూర్తిని చేశాను. అది పోయినవాళ్ళ మర్యాద కోసం. కానీ నేను చెయ్యని తప్పు చేశానని ఈ నోటితో అనమంటే అనను. ఈ చేత్తో రాయమంటే రాయను."

బస్సులో ఇంటికి వస్తున్నంతసేపూ ఆవిడ పళ్ళు పటపటలాడాయి. బస్సు తువో వంతెన మీదికి ఎక్కిందో లేదో, ఉన్నట్టుండి మొగుడి మోచెయ్యి గట్టిగా పట్టుకుంది.

"దెఫూ, మన బండి బతికుందా, చచ్చిందా?"

"కదలదు మెదలదు. చచ్చినట్టేగా."

"చస్తే మనమేం చేస్తాం?"

"ఏడుస్తాం," అన్నాడు దెఫు. అర్థమయ్యాక నవ్వు ఆపుకోలేక ముందు సీటు మీద వాలిపోయాడు. బస్సులో జనమంతా వెనక్కి తిరిగి చూశారు.

పాంగ్ బాబాయికి సంగతి చెప్తే ముందు తల అడ్డంగా ఊపాడు. ప్రాణం లేనిదానికి శోకమేమిటన్నాడు. కాగితం గేరుబాక్సు చేసిపెట్టమని అడిగేసరికి మాత్రం కళ్ళు మెరిశాయి.

"ఇళ్ళు చేశా, గుర్రాలు చేశా, టీవీలు, మాజాంగ్ బల్లలు చేశా. గేరుబాక్సు ఎట్టుంటదో తెలవదమ్మాయ్."

"నాకూ తెలవదు బాబాయ్. ఆ షోరూంవాళ్ళకి తెలిస్తేగా మనకి తెలిసేది."

బాబాయి చేసిన గేరుబాక్సు మూడంతస్తుల గోపురంలా వచ్చింది. నాలుగు పక్కలా బంగారు కాగితం పళ్ళచక్రాలు. పైన వెండి రంగు గేరు కడ్డీ. ఎవరు చూసినా దండం పెట్టేట్టుంది. అంతా సిద్ధమయ్యాక ఆయన ఒక్క షరతు పెట్టాడు. శోకం మాత్రమే తియ్యాలి, ఆఖర్న పోయినవాళ్ళకి దారి తెరిచి సాగనంపే పాట ఎత్తకూడదు. ఎత్తితే బండి నిజంగానే వెళ్ళిపోయినట్టు లెక్క. సుచ్యోంగ్ సరేనని మాటిచ్చింది.

పంచాంగం చూసి మరీ మంచిరోజు పట్టారు. మంచిరోజున షోరూంలో కొత్త బండ్లు తీసుకునేవాళ్ళు బారులు తీరతారు కదా. పందుల లారీ నడిపే ఓ తెలిసినాయన వ్యానుని తాడుతో లాగాడు. ముందు లారీ, వెనక వెండి బండి, దాని ముక్కుకి తెల్లకాగితం పువ్వు. వ్యాను పైన కాగితం గేరుబాక్సు. ఊరు దాటేసరికి వెనక ఇరవై స్కూటర్లు చేరాయి. ఎవరు పోయారని కొందరు అడిగారు. గేరుబాక్సు అని దెఫు సన్నాయి నోట్లోంచి తీసి చెప్పాడు. చావు ఊరేగింపులో అంత హుషారు ఆ దారి ఎన్నడూ చూసి ఉండదు. సుచ్యోంగ్‌కైతే గుండె పాటల పోటీ రోజున మిల్లు వేదిక ఎక్కినప్పుడు కొట్టుకున్నట్టు కొట్టుకుంటోంది. భయం కాదది, సంతోషం. ఇన్నేళ్ళ తర్వాత మొదటిసారి తన సొంత పనికి ఏడవబోతోంది.

షోరూం ముందు కొత్త బండ్లు వరసగా నిలబడి ఉన్నాయి. ఒక్కోదాని ముక్కు మీద ఒక్కో ఎర్రపట్టు పువ్వు. వాటి ఎదురుగా, గేటు బయట కాలిబాట మీద వెండి బండిని ఆపారు. పాంగ్ బాబాయి డోలు మీద మూడు దెబ్బలు వేశాడు. దెఫు బుగ్గలు పూరించాడు. సుచ్యోంగ్ తెల్లగుడ్డ చుట్టుకుని, మైకు పట్టుకుని, రోడ్డు మీద మోకాళ్ళూనింది.

"ఓ నా తల్లీ... నా వెండి బండీ... ఈ గుమ్మంలోనే గదా నిన్ను నా చేతుల్లో పెట్టిందీ... మూడేళ్ళ ఆయుష్షన్నారే, రెండో ఎండాకాలమైనా చూడకపోతివే..."

కొత్త బండ్ల దగ్గర జనం గబగబా గేటు దగ్గరికి వచ్చారు. ముందు నవ్వులు వినిపించాయి. సుచ్యోంగ్ పట్టించుకోలేదు. పాక్కుంటూ బండి చక్రం దాకా పోయింది.

"తడిసే డోలుకి నీ ఒళ్ళో చోటిస్తివే... ఊపిరాడని సన్నాయికి నీ నీడన గూడిస్తివే... రెండులోంచి మూడుకి పోలేక ఎంతగా మూలిగితివే, ఆ మూలుగు ఈ అద్దాల మేడకి వినపడదాయె... ఏట్లో మునిగి చచ్చావంటున్నారే తల్లీ, ఏ ఏరో చెప్పు, ఏ రేవో చెప్పు... నిన్ను చూసిన వైద్యుడెవరో చెప్పు... మూడుసార్లొచ్చానే, మూడుసార్లూ వైద్యుడు అన్నానికే పోయాడే..."

నవ్వులు తగ్గాయి. ముందు వరసలో పసిపిల్లని ఎత్తుకున్న ఓ కొత్తకోడలు కళ్ళు ఒత్తుకుంది. దాన్ని చూసి అత్తగారు ఒత్తుకుంది. బండి కోసం ఏడుస్తున్నామేమిటని వాళ్ళకే నవ్వొచ్చింది, అయినా నీళ్ళు ఆగలేదు. ఎర్రపువ్వు కట్టిన బండ్లలో ఒక దాని యజమాని తాళం చేతిలో పట్టుకున్నవాడల్లా దాన్ని కౌంటరు మీద పెట్టి వచ్చాడు. చావు శోకం వింటూ కొత్త బండి నడిపేవాడు మావైపు పుట్టలేదు.

మేనేజర్ లాన్ పరిగెత్తుకొచ్చాడు. నుదురంతా చెమట.

"ఏందక్కా ఇది? ఇయ్యాళ మంచిరోజక్కా."

"తెలుసయ్యా. చూసే వచ్చాం."

అతను పోలీసులకి ఫోన్ చేశాడు. వచ్చిన కుర్ర పోలీసు మైకు వంక, సుచ్యోంగ్ వంక మార్చి మార్చి చూశాడు.

"మా నానమ్మకి ఏడ్చింది నువ్వేగా పిన్నీ?"

"నేనే. మీ నానమ్మకి తాంబేలు చారంటే ప్రాణం."

పోలీసు టోపీ సర్దుకున్నాడు. గేటుకి అడ్డం లేరు కాబట్టి తనేం చెయ్యలేనని, మైకు మాత్రం కట్టెయ్యమని చెప్పి, నీడ చూసుకుని నిలబడ్డాడు. సుచ్యోంగ్ మైకు కట్టేసింది. మైకు లేకుండా ఆవిడ గొంతు ఇంకా దూరం పోయింది.

ఇక్కడే తప్పు జరిగింది. గొంతు ఊపందుకుంది, జనం ఏడుస్తున్నారు, సన్నాయి తోడుగా ఎగిరి ఎగిరి పడుతోంది. ఇరవై ఏళ్ళ అలవాటు ఆవిడని లాక్కుపోయింది. ఏ పాట ఎత్తకూడదో ఆ పాట ఎత్తింది. తూర్పు దారి తెరిచాను తల్లీ, పడమటి దారి తెరిచాను, వెనక్కి చూడక వెళ్ళిపో అంటూ బండిని మొదటినుంచి చివరిదాకా సాగనంపేసింది. దెఫు కూడా ఒళ్ళు మరిచి ఆ స్వరమే వాయించాడు. ఆఖరి దెబ్బ కొట్టి పాంగ్ బాబాయి డోలు కర్రలు కింద పడేశాడు.

"అమ్మాయ్, ఎంత పని చేశావు," అన్నాడు ఆవిడ చెవిలో. ముసలాయన మొహం తెల్లబోయింది. "పంపించేశావు దాన్ని. ఇప్పుడది పోయినవాళ్ళ బండి. గేరుబాక్సు మార్చినా నేనెక్కను. ఏ చావింటోళ్ళూ దాన్ని ఊళ్ళోకి రానియ్యరు."

సుచ్యోంగ్ మోకాళ్ళ మీదనుంచి లేచింది. గెలుపు గుమ్మం దాకా వచ్చిందనుకున్న చోట తన గొంతే తన కాళ్ళకి అడ్డం పడింది.

"దీనికి విరుగుడు లేదా బాబాయ్?"

"నీకు తెలవనిదేముంది. చంపినోడొచ్చి ఎర్రగుడ్డ కట్టాల. నలుగురి ముందు తప్పు నాదేనని టపాకాయలు కాల్చాల. మనం కట్టుకుంటే చెల్లదు."

మావైపు అంతే. ఒకరి గుమ్మానికి కీడు తెచ్చినవాడు ఆ గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టి, టపాకాయలు కాల్చి పోవాలి. కట్టినవాడిదే తప్పు, కట్టించుకున్నవాడిది కాదు. ఈ ఒక్క సంగతిలో కోర్టు తీర్పు కూడా అంతగా చెల్లదు.

అది మేనేజర్ లాన్‌కీ తెలుసు. లోపలికి పోయి ఎవరితోనో ఫోన్ మాట్లాడి తిరిగొచ్చాడు. మొహం కొంచెం తేటపడింది.

"సరే అక్కగారూ, మీరే గెలిచారు. గేరుబాక్సు కొత్తది వేస్తాం, సంతకాలేం వద్దు. కానీ పొద్దున్నే నా గుమ్మం ముందు చావు పాట పాడారు. నా గుమ్మానికి ఎర్రగుడ్డ కట్టి, ఓ సరం టపాకాయలు కాల్చి పొండి. అంతే. ఇద్దరం మంచిగా ఉందాం."

దెఫు కళ్ళు వెలిగాయి. పెళ్ళాం భుజం తట్టాడు. "ఒప్పేసుకో సుచ్యోంగ్. మూరెడు గుడ్డేగా. మనకి కావాల్సింది గేరుబాక్సు."

ఇరవై ఏళ్ళలో ఆ మెత్తచెవులవాడు ఇచ్చిన మొదటి సలహా అదే. సుచ్యోంగ్ నిజంగా ఊగిసలాడింది. గేరుబాక్సు చేతికందే దూరంలో ఉంది. పాంగ్ బాబాయి వైపు చూసింది. ఆయన తల ఊపలేదు, అడ్డంగా తిప్పలేదు, నేల చూస్తున్నాడు. ఆ గుడ్డ కడితే బండి నీళ్ళలో మునిగిందని ఒప్పుకున్నట్టే. సంతకం కాగితం మీద పెట్టనంది, ఇప్పుడు అదే సంతకం గుడ్డ మీద పెట్టమంటున్నారు.

"కట్టను," అంది. "నా బండిని చంపింది నువ్వు. ఎర్రగుడ్డ నా బండికి నువ్వు కట్టాల."

"నేనా?" లాన్ ఎగిరిపడ్డాడు. "ఇంతమందిలో నేను కడితే రేపు కంపెనీ నన్ను ఉంచుద్దా?"

"నేను కడితే రేపు నా మేళం ఉంటదా?"

ఇద్దరూ ఎదురెదురుగా నిలబడిపోయారు. ఎండ నడినెత్తికి ఎక్కుతోంది. కొత్త బండ్లవాళ్ళలో గుసగుసలు పెరిగాయి, సిద్ధాంతులు ఇచ్చిన మంచి గడియ మధ్యాహ్నం లోపలే. అప్పుడు ఆ గుంపులోంచి ఓ ముసలాయన ముందుకు వచ్చాడు. పూ తాత అంటారు ఆయన్ని. నది వంపులో నారింజ తోటలున్న రైతు. ఆ పొద్దున బండి తీసుకోవడానికి కొడుకులు, కోడళ్ళు, మనవలతో మూడు ఆటోల్లో వచ్చాడు. చేతిలో పొగాకు గొట్టం అలాగే పట్టుకుని లాన్ ముందు నిలబడ్డాడు.

"మేనేజర్ బాబూ, నా తోట ఏటి ఒడ్డునే ఉంది. రేపు నా బండి గేరు పడకపోతే నువ్వేమంటావు?"

"మీ సంగతి వేరు తాతగారూ..."

"ఏం వేరు? ఈవిడకి గొంతన్నా ఉంది. నాకు ఏడవటం కూడా రాదు."

తాళం కౌంటరు మీద పెట్టి వచ్చినాయన మెల్లగా తల ఊపాడు. పసిపిల్ల తల్లి మొగుడి చొక్కా పట్టుకుని వెనక్కి లాగింది.

"ఆవిడ బండికి ఎర్రగుడ్డ కట్టు," అన్నాడు పూ తాత. "అప్పుడు నా తాళం నేను పుచ్చుకుంటా. కట్టవా, మంచి గడియ పోతే పోయింది. మేం పోయి ఆ పక్క సందులో నూడుల్స్ తిని ఇంటికి పోతాం."

మేనేజర్ లాన్ వరసగా నిలబడ్డ కొత్త బండ్ల వంక చూశాడు. ఎండ వంక చూశాడు. తర్వాత లోపలికి వెళ్ళి ఓ ఎర్రపట్టు గుడ్డ పువ్వు పట్టుకొచ్చాడు. ఎన్నో బండ్లకి కట్టిన చెయ్యే, అయినా ఆ వేళ ముడి పడలేదు. రెండుసార్లు జారిపోయింది. మూడోసారి వెండి బండి ముక్కుకి బిగించి, పెదవులు కదిపాడు.

"వినపడలా," అన్నాడు పాంగ్ బాబాయి.

"మైకు ఇమ్మంటావా?" అంది సుచ్యోంగ్.

"తప్పు మాది," అన్నాడు లాన్ ఈసారి గట్టిగా. "బండి నీళ్ళలో మునగలేదు. బాగుచేసి ఇస్తాం."

టపాకాయల సరం అంటించారు. ఎర్రకాగితం ముక్కలు రోడ్డంతా ఎగిరాయి. సుచ్యోంగ్ తలమీది తెల్లగుడ్డ లాగేసింది. పొద్దుట్నుంచి ఏడ్చిన మొహం మీద ఎంత ఆపుకున్నా ఆగని నవ్వు వచ్చింది. జనం చప్పట్లు కొడుతుంటే దెఫు పెళ్ళిపాట అందుకున్నాడు, ఎవరూ అడక్కుండానే. పూ తాత తాళం పుచ్చుకున్నాడు. ఎప్పుడూ భోజనంలో ఉండే మేస్త్రీ ఎక్కడినుంచో ప్రత్యక్షమై, వెండి బండిని వెనకనుంచి నెట్టసాగాడు. వ్యాను పైన మిగిలిపోయిన కాగితం గోపురాన్ని ఏం చెయ్యాలని కాపలావాడు అడిగాడు.

"మీ మేస్త్రీకి ఇయ్యి. చూసి నేర్చుకుంటాడు," అంది సుచ్యోంగ్.

గేరుబాక్సు మార్చి బండి ఇచ్చేశారు. రెండు నుంచి మూడుకి వెన్నలో కత్తి దిగినట్టు పడుతోంది. పాంగ్ బాబాయి ముందు ఎర్రపువ్వు ముడిని లాగి చూసి, గట్టిగా ఉందని తేల్చుకున్నాకే ఎక్కి కూర్చున్నాడు. పక్క ఊరి మేళంవాడి నంబరు ఫోన్‌లోంచి తీసేయించాడు. మొదటి పిలుపు కొండ మీది ఊరినుంచే వచ్చింది, అదే కనుమ దారి. ముగ్గురూ పాటలు పాడుకుంటూ ఎత్తు ఎక్కేశారు. ఊరి పొలిమేరలో చావింటి పెద్దకొడుకు చేతులడ్డం పెట్టి ఆపాడు.

"ఎర్రగుడ్డతో చావింటికి వస్తారా అత్తా? మా నాన్న ఇంకా వాకిట్లోనే ఉన్నాడు. అది విప్పి రండి."

అతనిది తప్పు కాదు. శవం లేవని ఇంటికి ఎరుపు రాకూడదు. దెఫు చెయ్యి ముడి మీదికి పోయింది. సుచ్యోంగ్ ఆ చేతి మీద ఒక్కటి వేసింది.

"బండి ఇక్కడే ఉంటుంది బాబూ. మేం నడిచొస్తాం," అని వెనక తలుపు తీసింది.

ఇల్లు ఊరికి ఆ చివర ఉంది. దారంతా ఎత్తు, రాళ్ళు. స్పీకర్లు దింపుతుంటే దెఫు నడుం పట్టుకున్నాడు. డోలు భుజానికి ఎత్తుకుంటూ పాంగ్ బాబాయి గొణిగాడు.

"ఇంత గొడవ చేసి బండి బాగుచేయించుకుంది మోసుకుంటూ నడవటానికా అమ్మాయ్? విప్పితే ఏమవుద్ది? తిరిగొచ్చాక మళ్ళీ మనమే కట్టుకుంటాంగా."

"అదే బాబాయ్. అప్పుడు కట్టింది మనమవుతాం," అని సుచ్యోంగ్ పెద్ద స్పీకరు నెత్తికెత్తుకుని ముందు నడిచింది.